కూమా గడ్డిమైదానంలో ఒక్క జింక

వెస్ట్‌మీడ్

సిడ్నీ నుంచి దక్షిణంగా కారులో ఐదారు గంటలు పోతే చెట్లు పలచబడి, కొండలన్నీ గొరిగిన తలల్లా కనబడే చోటొకటి వస్తుంది. చూడదగిన ప్రదేశమే. నేను అక్కడ నాలుగు రోజులుండి కూడా ఆ కొండల్ని సగమే చూశాను. మిగతా సమయమంతా మా మస్తాన్‌ని చూసి కుళ్ళుకోవడానికే సరిపోయింది. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు రాయడం సులువవుతుంది.

మస్తాన్ వలీదీ నాదీ నంద్యాల. ఒకే బడి, ఒకే కాలేజీ. ఆర్నెల్ల తేడాతో ఇద్దరం సిడ్నీ వచ్చాం. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పాత కోబాల్ ప్రోగ్రాములు తెరిచి, సంవత్సరానికి రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు పెట్టడం మా పని. అది తొంభై తొమ్మిది. కోబాల్ వచ్చినవాడికి పిలిచి పీట వేస్తున్న రోజులు. వెస్ట్‌మీడ్‌లో ఆస్పత్రి వెనక ఎర్ర ఇటుకల ఫ్లాట్లలో ఉండేవాళ్ళం. అతనిది పై అంతస్తు, బాల్కనీ ఉంది. నాది కింద, కిటికీ తీస్తే కార్ పార్కు. చేరిన ఎనిమిది నెలలకే అతన్ని టీమ్ లీడ్ చేశారు. నా టైమ్‌షీట్ మీద సంతకం అతనిదే.

మా కంప్యూటర్ గది చూసుకునే గ్రాహంకి అరవై దగ్గర పడుతున్నాయి. ఏటా ఈస్టర్ సెలవులకి చెల్లెలి పొలానికి వెళ్ళి ఒక జింకని వేటాడి వస్తాడు. ఒకరోజు లంచ్‌లో ఆ కబుర్లు చెబుతుంటే నా నోరు ఊరుకోలేదు. మా తాత నల్లమలలో పేరుమోసిన వేటగాడని చెప్పేశాను. నిజానికి ఎవరో దొరలు వేటకి పోతే మా తాత వాళ్ళ వంటసామాన్ల బండి తోలాడు, అంతే. ఆ సంగతి మస్తాన్‌కి బాగా తెలుసు. ఎదురుగానే కూర్చున్నాడు. తలెత్తకుండా డబ్బాలో పెరుగన్నం కలుపుకున్నాడు.

"అయితే ఈసారి నువ్వు రావాల్సిందే, రే," అన్నాడు గ్రాహం. అతనికి రమణ అంటే నోరు తిరగదు, రే అంటాడు. "ఈసారి జింక నీది. మస్తాన్, నువ్వూ రా, సరదాగా ఉంటుంది."

జింక నాది, సరదా మస్తాన్‌ది. నాకు చాలా నచ్చిన పంపకం అది.

ఇక్కడ తుపాకీ ముట్టుకోవాలంటే లైసెన్సుండాలి. దానికో క్లాసు, ఒక పరీక్ష. నేను మూడు తప్పులతో గట్టెక్కాను. మస్తాన్‌కి ఒక్క తప్పు కూడా రాలేదు. పోనీలే, కాల్చేది నేనే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆరు వారాల పాటు ప్రతి సాయంత్రం కార్పెట్ మీద బోర్లా పడుకుని, చీపురు కర్ర భుజానికి ఆనించి, టీవీ మీదున్న పూలకుండీకి గురిపెట్టాను. నవ్వుకోండి. నాకు మాత్రం అది ఆట కాదు. జింక కొమ్ములు పట్టుకుని నేను ముందు నిలబడితే, మస్తాన్ వెనకెక్కడో నిలబడి ఉన్న ఫోటో ఒకటి నంద్యాలకి పంపాలి. నాకు కావలసింది అంతే. ముప్పై రెండేళ్ళ జీవితంలో ఒక్కసారి.

గౌల్బర్న్

గురువారం పొద్దున బయల్దేరాం. ముందు సీటు మస్తాన్‌కి దక్కింది. వెనక కూర్చుంటే అతనికి కడుపులో తిప్పుతుందట.

గౌల్బర్న్ ఊళ్ళో మూడంతస్తుల ఎత్తున సిమెంటు గొర్రె ఒకటి కట్టి పెట్టారు. కడుపులో దుకాణం, మెట్లెక్కితే కళ్ళలోంచి ఊరు కనబడుతుంది. మనవాళ్ళు నాయకులకి కట్టినట్టు వీళ్ళు గొర్రెకి కట్టుకున్నారు. అన్నం పెట్టింది అదే కాబట్టి తప్పేమీ లేదు. మస్తాన్ దాన్ని కింద నుంచి పైదాకా చూసి, "మా నాయన చూసింటే దీని తూకం నోటితోనే చెప్తాండె," అన్నాడు.

భోజనానికి ఒక పై దుకాణంలో ఆగాం. పై అంటే లోపల మాంసం కూరిన గట్టి కజ్జికాయ అనుకోండి. రెండు డాలర్ల ఇరవై సెంట్లు. పైన టమాటా సాస్ కావాలంటే ఇంకో ఇరవై. దుకాణం ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయి, వచ్చినవాళ్ళందర్నీ 'డార్లింగ్' అంటోంది. నంద్యాల బస్టాండు హోటల్లో ఎవరైనా గిరాకీలతో అలా మాట్లాడితే సాయంత్రానికల్లా పంచాయితీ జరుగుతుంది.

మస్తాన్ పై తినలేదు. వాళ్ళావిడ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి బల్ల మీద పెట్టుకున్నాడు. గ్రాహం ఒక ముక్క అడిగి తిన్నాడు. తర్వాత రెండో రొట్టె అడిగాడు. నా పై వంక ఎవరూ చూడలేదు. తింటూ తింటూ, పై ఎందుకు తినవని గ్రాహం అడిగాడు. మస్తాన్ హలాల్ సంగతి విడమరిచి చెప్పాడు.

"మరి ఆదివారం మా చెల్లెలి బల్ల దగ్గర జింకమాంసం?"

"వేటకి ఒక పద్ధతుంది. మావాళ్ళెవరైనా దేవుడి పేరు తలుచుకుని కాల్చాలి. లేదా ఎవరు కాల్చినా సరే, దాని ప్రాణం పోకముందే మావాళ్ళు వెళ్ళి పేరు చెప్పి కత్తితో కోయాలి. మా నాన్న చెప్పగా విన్నది ఇంతే. ఇంతకంటే లోతు నాకు తెలియదు."

"నీకు కత్తి పట్టడం వచ్చా?"

మస్తాన్ రొట్టె తుంచడం ఆపాడు. "వచ్చు. పట్టను."

ఇక్కడ మీకొకటి చెప్పాలి. నంద్యాలలో మస్తాన్ వాళ్ళ నాన్నకి మాంసం కొట్టుండేది. పదేళ్ళప్పటి నుంచీ రోజూ బడికి ముందు మస్తాన్ కొట్లో పని చేసేవాడు, కోత దగ్గర్నుంచి. ఇంజనీరింగ్ సీటొచ్చిన రోజు కత్తి కడిగి తండ్రి చేతికిచ్చి, "ఇంక నాతో కాదు నాయనా, దాని కండ్లు కలలోకొస్తాండాయి," అన్నాడు. ఆయన కత్తి అందుకుని, ఇంకెప్పుడూ పట్టొద్దని కొడుకు చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇదంతా మస్తాన్ నాకొక్కడికే చెప్పాడు. ప్రతి ఆదివారం నేను సంచి పట్టుకుని ఆ కొట్టు ముందు నిలబడేవాణ్ణి. మస్తాన్ మాంసం ఆకులో చుట్టి నా సంచిలో వేసేవాడు. ఆ చేత్తోనే ఇప్పుడు నా టైమ్‌షీట్ మీద సంతకం పెడుతున్నాడు. నా కుళ్ళు ఎక్కడ మొదలైందంటే అక్కడే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, లేదని ఎలా అనను?

"అయితే చిక్కే లేదు," అన్నాడు గ్రాహం. "మస్తాన్ కాలుస్తాడు. బల్ల దగ్గర అందరం తింటాం. నీది వచ్చే ఏడు, రే. ఏమంటావు?"

"తప్పకుండా," అన్నాను. పై లోపలి ఉడుకు పులుసు నాలిక మీద పడి చురుక్కుమంది.

మస్తాన్ నా వంక చూసి, "నీకు పర్వాలేదా రా?" అనడిగాడు.

"నాకేముంది రా, నువ్వు కొడితే నేను కొట్టినట్టే," అన్నాను. ఇంత పచ్చి అబద్ధం నేను పెళ్ళిచూపుల్లో కూడా ఆడలేదు. వచ్చే ఏడట. డిసెంబరు ముప్పై ఒకటి దాటాక మా పనే ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. కాంట్రాక్టు పొడిగించే మాట మస్తాన్‌తో మాట్లాడారు, నాతో మాట్లాడలేదు.

కూమా

కూమాలో పెట్రోలు పోయించుకుంటుంటే బంకులో ఒక ముసలాయన పలకరించాడు. ఇటలీ మనిషి. అక్కడి కొండల్లో ఆనకట్టల కోసం సొరంగాలు తవ్వడానికి కుర్రతనంలో వచ్చి అక్కడే ఉండిపోయాడట. ఆ ఊళ్ళో ఏ దేశం వాడినడిగినా ఇలాంటి కథే చెబుతాడని గ్రాహం అన్నాడు.

"మీరిద్దరూ ఒకే ఊరా?" అన్నాడు ముసలాయన.

అవునన్నాం.

"నేనూ మా ఊరతనూ ఒకే ఓడలో వచ్చాం. ఒకే గదిలో ఉన్నాం. నాకంటే ముందు కారు కొన్నాడు. ముప్పై ఏళ్ళయింది మాట్లాడుకుని."

"ఏం కారు?" అన్నాను. నాకు అదే ముఖ్యమనిపించింది.

"పచ్చది. తోలు సీట్లు." ముప్పై ఏళ్ళ కిందటి ఆ రంగు ఆయన కళ్ళలో ఇంకా ఉంది.

కారెక్కాక మస్తాన్ ఆ తోలు సీట్ల మాట తలుచుకుని పదిమైళ్ళు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ముసలాయన ఇంకా ఏమన్నా చెప్పేవాడేమో, తొందరపడి వచ్చేశామనిపించింది.

షర్లీ పొలం

గ్రాహం చెల్లెలు షర్లీ. భర్త పోయాడు. కనుచూపు మేరంతా ఆమె గడ్డే, అందులో ఆమె గొర్రెలే. రెండు కుక్కలతో ఒక్కతే నెట్టుకొస్తోంది. మనలాగే చెప్పులు గుమ్మం బయట విడవమంటుంది. కుక్కలకి ఇంట్లోకి ప్రవేశం లేదు. సాయంత్రం ఆరింటికి 'టీ'కి రమ్మందని బిస్కెట్ల కోసం వెళ్ళి కూర్చున్నాను. టీ అంటే రాత్రి భోజనమట. ఉడికించిన బంగాళదుంపలు, గుమ్మడికాయ, బఠాణీలు. ఉప్పు వేయడం తినేవాడి బాధ్యత. మస్తాన్ కోసమని విడిగా చేప వేయించి పెట్టింది. ఆ చేపకి మాత్రం ఉప్పూ మిరియాలూ అన్నీ ఉన్నాయి.

ఆమె పొలంలో మూడు కట్టుబాట్లు. ఏడాదికి ఒక్క పోతుజింకే. కొమ్ములు కాల్చినవాడివి. గుడ్ ఫ్రైడే నాడు తుపాకీ పేలకూడదు.

భోజనానికి ముందే, ఇంకా వెలుతురుండగా, గ్రాహం మమ్మల్ని ఒక మట్టికట్ట దగ్గరికి తీసుకెళ్ళి కాగితం పెట్టి కాల్పించాడు. వంద గజాల దూరం. నాకు చీపురు కర్ర అనుభవం ఉంది. మూడు గుళ్ళు కాల్చాను. కాగితం మీద ఒకటి తూర్పు, ఒకటి పడమర, ఒకటి కనబడలేదు. తర్వాత మస్తాన్ పడుకున్నాడు. అతని మూడు చిల్లుల మీద డాలరు బిళ్ళ పెడితే మూడూ దాగిపోయాయి.

గ్రాహం కాగితం చేత్తో పట్టుకుని, "పుట్టుకతో వచ్చింది ఇది," అన్నాడు. ఆ కాగితాన్ని షర్లీ ఫ్రిజ్‌కి అంటించింది.

"ఏం జేసినావురా?" అనడిగాను.

"ఏం లేదబ్బా. ఊపిరి బిగబట్టినా, వేలు మెల్లగ ఒత్తినా. నువ్వు గుంజుతాండావు రా, ఒత్తల్ల. నేను చూపిస్తాలే."

చూపిస్తాడట. ఆ మాటలో గొప్ప ఏమాత్రం లేదు. ఉండుంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

గుడ్ ఫ్రైడే

శుక్రవారం తుపాకీ ఇంట్లో పెట్టి, వట్టి చేతులతో నడక నేర్చుకున్నాం. ఆ ప్రదేశంలో దాక్కోవడానికి ఏమీ లేదు. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా బండలు, ఎక్కడో నాలుగు తెల్లబోదెల చెట్లు. జింక మైలు దూరం నుంచే మనిషిని చూస్తుంది. చూడకపోతే వాసన పడుతుంది. గ్రాహం పాత మేజోడులో పొయ్యి బూడిద పోసి తెచ్చాడు. అడుగడుక్కీ దాన్ని దులిపి, బూడిద ఎటు పోతోందో చూసేవాడు. గాలి మన మొహానికి కొట్టాలి. వీపుకి తగిలిందంటే ఆ రోజుకి వేట అయిపోయినట్టే. నేల మడతల్లో వంగి నడవాలి, తర్వాత మోకాళ్ళ మీద, ఆఖరికి బోర్లా పాకాలి.

పోతుజింకలు జతకోసం అరిచే కాలం అప్పుడే మొదలైంది. వాటి అరుపు వింటే జింక మీద మనకున్న సున్నితమైన అభిప్రాయమంతా పోతుంది. గుర్రు పెడుతున్నవాడు మధ్యలో త్రేన్చినట్టుంటుంది. ఒంటి మీద మన చుక్కల దుప్పికున్నట్టే మచ్చలు. కొమ్ములు మాత్రం చివర అరచేతుల్లా వెడల్పు.

మధ్యాహ్నం మస్తాన్ కొంచెం దూరం వెళ్ళి, వాలు మీద తువ్వాలు పరుచుకుని నమాజు చేసుకున్నాడు. గ్రాహం, నేను బండ నీడన కూర్చున్నాం. మస్తాన్ కూర్చుని ఉండగా కింద పల్లంలోంచి ఒక ఆడజింక, దాని వెనక రెండు పిల్లలు వచ్చాయి. గాలి అటు నుంచి ఇటు కొడుతోంది. అవి వంద అడుగుల దాకా వచ్చి, ఆగి, అతన్నే చూస్తూ నిలబడ్డాయి. అతను నుదురు నేలకానించినప్పుడు ఒక పిల్ల ఇంకో రెండడుగులు ముందుకేసింది.

"నలభై ఏళ్ళుగా వస్తున్నాను," అన్నాడు గ్రాహం గుసగుసగా. "నా దగ్గరికి ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు."

మస్తాన్ సలాం చెప్పి తల తిప్పేసరికి అవి వెళ్ళిపోయాయి. అతను చూడనే లేదు. చూడలేదని సంతోషించాను. నేను చెప్పలేదు. గ్రాహం చెప్పాడు.

కంచె

శనివారం తెల్లవారేసరికి గడ్డంతా మంచు పట్టి కరకరలాడుతోంది. గ్రాహం రైఫిల్, మూడు తూటాలు మస్తాన్‌కి ఇచ్చాడు. అదనంగా ఉంటాయని రెండు తూటాలు రుమాల్లో చుట్టి నా చొక్కా జేబులో పెట్టాడు. నీళ్ళు, తాడు, కత్తి ఉన్న సంచి నా వీపుకి తగిలించాడు. మా తాత బండి తోలాడు, నేను సంచి మోశాను. వంశం నిలబడింది.

ఎనిమిదింటికి ఒక పోతుజింక కనబడింది. అరమైలు అవతల, నేల మడతలో. అక్కడిదాకా పాకాలంటే గ్రాహం మోకాలు ఒప్పుకోలేదు. దుర్భిణీ పట్టుకుని బండ దగ్గర ఆగిపోయి, మా ఇద్దర్నీ పంపాడు. "తొందర లేదు. అది మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటుంది," అన్నాడు.

గాలి మొహానికి కొట్టేలా పెద్ద చుట్టు తిరిగి, గంటసేపు పాకాం. మోచేతులు కొట్టుకుపోయాయి, మంచు కరిగి చొక్కా తడిసింది. మస్తాన్ ముందు, నేను వెనక. మధ్య మధ్యలో వెనక్కి తిరిగి, "బాగుండావా?" అని కళ్ళతోనే అడుగుతున్నాడు. ఆ కళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోయింది.

దారికి అడ్డంగా ముళ్ళతీగ కంచె. కంచె దాటేటప్పుడు తుపాకీలో తూటా ఉండకూడదు, ఒకడు దాటాక ఇంకొకడు తుపాకీ అందించాలి. క్లాసులో నేర్పింది అదే, గ్రాహం పదిసార్లు చెప్పిందీ అదే. నేను ముందు దాటాను. మస్తాన్ తూటాలన్నీ తీసి జేబులో వేసుకుని, వట్టి తుపాకీ తీగల మధ్యలోంచి నా చేతికిచ్చాడు. తర్వాత దూరాడు. వాళ్ళావిడ అల్లిన స్వెట్టరు వీపు దగ్గర ముల్లుకి పట్టుకుంది. లాగితే ఇంకో ముల్లు భుజం దగ్గర పట్టుకుంది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

అప్పుడే పోతుజింక లేచింది. మేము అనుకున్న చోట కాదు. ఎంతో ఇవతల, నూట ఇరవై అడుగులుంటుందేమో. పక్కకి తిరిగి నిలబడి, కొమ్ములెత్తి గాలి చూస్తోంది.

నా చేతిలో తుపాకీ ఉంది. జేబులో రుమాలుంది.

తొందరలో జరిగిపోయిందని చెప్పుకోవడానికి నాకు అవకాశం లేదు. రుమాలు విప్పాలి. తూటా తీయాలి. లోపల పెట్టి బోల్టు ముందుకి తోసి మూయాలి. మోకాలి మీద కూర్చోవాలి. ఒక్కో పనికీ ఒక్కో క్షణం పట్టింది, ఏ క్షణంలోనైనా నేను ఆగొచ్చు. వెనక మస్తాన్ గొంతు వినబడింది. "రమణా, ఆగు రా. ఆగు."

విన్నాను. నేను కాల్చి చంపితే ఆదివారం అతను తినలేడని నాకు తెలుసు. నంద్యాలకి పంపాల్సిన ఫోటో కళ్ళ ముందు కనబడింది. ట్రిగ్గర్ గుంజాను. అవును, గుంజాను, ఒత్తలేదు.

గుండు ఛాతీకి తగలాల్సింది, తుంటికి తగిలింది. జింక వెనక భాగం కూలబడింది. ముందుకాళ్ళతో లేచి, నడుమును ఈడ్చుకుంటూ పోవడం మొదలుపెట్టింది. అది చేసిన చప్పుడు రాయను. మొదటి దెబ్బ సరిగా పడకపోతే వెంటనే రెండోది కొట్టి బాధ తీర్చాలి, వేటలో అన్నిటికంటే పెద్ద ధర్మం అదే. రెండో తూటా నా వేళ్ళలోంచి జారి గడ్డిలో పడింది. వెతికాను. దొరకలేదు.

ఉన్ని పర్రున చిరిగిన చప్పుడైంది. మస్తాన్ నా వెనకే వచ్చి నిలబడ్డాడు. తుపాకీ అడుగుతాడనుకున్నాను. అతని జేబులో మూడు తూటాలున్నాయి. జింక అప్పటికే దిబ్బ అంచుకి చేరింది. దాని మీదుగా దూరంగా గ్రాహం ఉన్న బండ కనబడుతోంది. అటు కాల్చడానికి లేదు. మస్తాన్ ఒక్క క్షణం అది చూశాడు. తర్వాత నా వీపు మీద సంచి జిప్పు లాగిన చప్పుడు వినబడింది.

పరిగెత్తి కొమ్ములు పట్టుకున్నాడు. అది ఒకసారి విసిరింది. అతని అరచెయ్యి చీరుకుపోయింది. వదల్లేదు. మెడ మీద మోకాలు పెట్టి, మొహం పక్కకి తిప్పి, బిస్మిల్లా అన్నాడు. పెదవులు మాత్రమే కదిలాయి. కత్తి ఒక్కసారి లాగాడు. అంత సేపూ దాని కళ్ళ మీద ఎడమచెయ్యి కప్పి ఉంచాడు. అది కదలడం ఆగిపోయాక కూడా ఆ చెయ్యి తీయలేదు.

గ్రాహం కుంటుకుంటూ వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. గ్రాహం తుంటి దగ్గరి గాయం చూశాడు. కంచె మీద వేలాడుతున్న ఉన్ని చూశాడు. ఎవరు కాల్చారని అడిగాడు.

"నేను కంచెలో ఇరుక్కున్నాను," అన్నాడు మస్తాన్. "నేనే కాల్చమన్నాను."

గ్రాహం నా వైపు తిరిగాడు. మిగిలిన తూటాలు ఇమ్మన్నట్టు చెయ్యి చాపాడు. నా దగ్గర ఒక్కటీ లేదు.

ఈస్టర్

ఆదివారం షర్లీ పెద్దబల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. చర్చి నుంచి పక్కపొలం దంపతులు కూడా వచ్చారు. జింక తొడ ఓవెన్‌లో నాలుగ్గంటలు మగ్గింది. ఆ వాసన గురించి ఎంతైనా రాయొచ్చు, కానీ నాకు మనసు లేదు.

భోజనానికి ముందు కొమ్ములు తెచ్చి నాకిచ్చారు. కట్టుబాటు కట్టుబాటే కదా. బయట మెట్ల మీద నిలబెట్టి ఫోటో తీశారు. మస్తాన్ ఆ ఫోటోలో వెనక ఎక్కడా లేడు. తీసింది అతనే. కట్టు కట్టిన చేత్తో కెమెరా పట్టుకుని, "నవ్వు రా," అన్నాడు. నవ్వాను.

అందరి పళ్ళేల్లోనూ మాంసం పడింది. మస్తాన్ బంగాళదుంపలు, గుమ్మడికాయ పెట్టుకున్నాడు. షర్లీ గాభరా పడింది. "పద్ధతిలో ఏమైనా తప్పు జరిగిందా?"

"లేదు, అంతా సరిగ్గానే జరిగింది. మీరు తినండి. నాకే ఆకలిగా లేదు."

పక్కపొలం ఆయన వానల గురించి మొదలుపెట్టాడు. ఆ మాటల చాటున నేను మస్తాన్ వైపు వంగి, మన భాషలో మెల్లగా అన్నాను. "ఏదో అయిపాయ రా. చేతికి తుపాకీ వచ్చేసరికి..."

"గమ్మునుండు. తిను."

"నువ్వు అబద్ధం ఎందుకు చెప్పినావు?"

మస్తాన్ గుమ్మడికాయ ముక్క ఫోర్కుతో అటూ ఇటూ తిప్పాడు. అతని మొహంలో కోపం కోసం వెతికాను. ఉంటే పట్టుకుని వేలాడదామని. ఎక్కడా లేదు. అలసట ఉంది, అంతే.

"గౌల్బర్న్‌లో నిన్ను అడిగినా గదా, పర్వాలేదా అని," అన్నాడు. "లేదురా, నాకే కావల్ల అని ఒక్క మాట అనింటే, అప్పుడే నీకు ఇచ్చిందును గదరా. నేను తినకపోతే ఏమైతుంది? ఒక పూట."

తర్వాత షర్లీ వైపు తిరిగి, గుమ్మడికాయ చాలా బాగుందన్నాడు.

నేను తిన్నాను. పళ్ళెం ఖాళీ చేశాను. ఇదంతా జరిగి ఇప్పటికి ఏడాది కావొస్తోంది. కొమ్ములు కింద నా ఫ్లాట్‌లో అల్మారా పైన ఉన్నాయి. పైనుంచి మస్తాన్ అడుగుల చప్పుడు వినబడుతూనే ఉంటుంది. కొన్ని రాత్రులు నిద్ర పట్టక నడుస్తుంటాడని, కండ్లు మళ్ళీ కలలోకి వస్తున్నాయని వాళ్ళావిడ ఒకసారి మాటల్లో అంది. మెట్లెక్కి వెళ్ళి తలుపు కొట్టి, తప్పయింది క్షమించు రా అని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అడగలేదు. అడిగితే అదీ ఇచ్చేస్తాడు.